దండసమతను కోరిన చక్రవర్తి: అశోకుని జీవితం, న్యాయపాలన

అశోకుడనగానే మన సభలలో కళింగ యుద్ధం, ధమ్మ ప్రచారం, బోధివృక్ష శాఖతో సింహళానికి వెళ్ళిన సంఘమిత్త, ఎనభై నాలుగు వేల స్తూపాలు తలపునకు వస్తాయి. అవి తలచుకోదగినవే. అయితే మేము ఈ వ్యాసంలో ఆ మహారాజు జీవితాన్ని వేరొక వైపు నుండి చూడదలచాము. నేరం మోపబడిన మనిషి, అతనిని విచారించే అధికారి, చెరసాల, శిక్ష: ఈ నాలుగింటి విషయంలో అశోకుడు ఏమి ఆలోచించాడు, ఏమి చేశాడు, ఏమి చేయకుండా విడిచిపెట్టాడు అన్నదే మా విషయం. ధమ్మాన్ని స్వీకరించిన కుటుంబాలలో పోలీసు ఠాణా గడపను, కోర్టు మెట్లను ఎరుగని కుటుంబం అరుదు. కొందరు ముద్దాయిలుగా, కొందరు బాధితులుగా, కొందరు సాక్షులుగా ఆ మెట్లెక్కారు. అందువలన రెండు వేల మూడు వందల ఏండ్ల నాటి ఈ సంగతి మనకు నేటి సంగతి కూడా.

రెండు విధాల ఆధారాలు

అశోకుని గురించి మనకు రెండు విధాల ఆధారాలున్నాయి. మొదటివి ఆయన స్వయంగా రాళ్ళ మీద, స్తంభాల మీద చెక్కించిన శాసనాలు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదవగలిగిన తరువాతనే అవి మనతో మాట్లాడసాగాయి. 1915లో మస్కి శాసనం బయటపడి, అందులో అశోక నామం స్పష్టంగా కనిపించడంతో, దేవానాంప్రియ ప్రియదర్శి అనే బిరుదులు గల రాజు అశోకుడేనన్న విషయం స్థిరపడింది. రెండవవి, ఆయన తరువాత శతాబ్దాలకు రచింపబడిన గ్రంథాలు. సంస్కృతంలో అశోకావదానం, సింహళ దేశపు పాళీ గ్రంథాలైన దీపవంశం, మహావంశం వీటిలో ముఖ్యమైనవి.

శాసనం రాజు మాట. తన్ను గురించి తాను చెప్పుకొన్నది గనుక అక్కడా మెలకువ అవసరమే. కథ భక్తుల మాట. అందులో చరిత్ర ఉన్నా, దాని మీద శ్రద్ధాభక్తులు కప్పిన పొరలు కూడా ఉన్నాయి. మేము శాసనాన్ని ప్రధానంగాను, కథను దానికి తోడుగాను గ్రహించాము. రెండూ విభేదించిన చోట శాసనాన్నే నమ్మాము.

తక్షశిల నేర్పిన పాఠం

అశోకుడు చంద్రగుప్త మౌర్యుని మనుమడు, బిందుసారుని కుమారుడు. యౌవనంలో ఉజ్జయినిలో రాజప్రతినిధిగా ఉన్నాడని, విదిశ నగరపు శ్రేష్ఠి కుమార్తె దేవిని అక్కడనే చేపట్టాడని, మహిందుడు, సంఘమిత్త వారి సంతానమని సింహళ గ్రంథాలు చెబుతాయి. అశోకావదానం మరొక సంగతి చెబుతుంది. తక్షశిల ప్రజలు తిరుగుబాటు చేసినప్పుడు తండ్రి ఆయనను అక్కడికి పంపించాడు. నగరవాసులు ఎదురేగి స్వాగతం పలికారు. తమకు రాజు మీద గాని, రాజకుమారుని మీద గాని కోపం లేదని, తమను అవమానించి బాధించేది దుష్టులైన అమాత్యులేనని విన్నవించుకున్నారు.

ఇది కథయే కావచ్చు. అయినా అందులోని అనుభవం పాలన ఎరిగినవారిదే. పల్లెలోని మనిషికి రాజ్యమంటే పాటలీపుత్రంలోని సింహాసనం కాదు. తన వాకిట నిలబడిన ఉద్యోగి. ఆ ఉద్యోగి క్రూరుడైతే రాజు ఎంత మంచివాడైనా ఆ మంచి వాకిటి వరకు రాదు. అశోకుని శాసనాలను వరుసగా చదివినవారికి, ఈ ఒక్క ఎరుకే ఆయన న్యాయపాలన అంతటికీ మూలమని తోస్తుంది.

బిందుసారుని మరణానంతరం వారసత్వ కలహం జరిగినట్లు గ్రంథాలన్నీ సూచిస్తాయి. సుమారు క్రీ.పూ. 268లో అశోకునికి పట్టాభిషేకం జరిగింది. తొంభై తొమ్మండుగురు సోదరులను చంపి గద్దెనెక్కాడన్న సింహళ కథను మేము అంగీకరింపలేము. పట్టాభిషేకమైన పదమూడవ ఏట తరువాత చెక్కించిన అయిదవ శిలాశాసనంలో తన సోదరుల, సోదరీమణుల అంతఃపురాల ప్రస్తావన ఉన్నది. పాటలీపుత్రంలో ఆయన నెలకొల్పిన చిత్రహింసల చెరసాల కథ కూడా ఇటువంటిదే. చండగిరికుడనే తలారి చేతికి దానిని అప్పగించాడని, లోపలికి వెళ్ళినవారెవరూ ప్రాణాలతో వెలుపలికి రారాదన్నది అక్కడి కట్టడి అని అశోకావదానం వర్ణిస్తుంది. తరువాత శతాబ్దాలలో వచ్చిన చైనా యాత్రికులు ఫాహియాన్, హ్యుయాన్‌త్సాంగ్ కూడా ఈ కథను విన్నారు. చండాశోకుని ఎంత నల్లగా చూపితే ధర్మాశోకుడు అంత తెల్లగా కనబడతాడన్న ఉద్దేశం ఈ కథల వెనుక కనిపిస్తుంది. అయినా చెరసాల అనేది ఆనాటి ప్రజల మనసులో ఎంత భయంకరమైన చోటో ఈ కథ మనకు తెలుపుతున్నది.

తాతగారి నాటి న్యాయస్థానాలు

అశోకునికి వారసత్వంగా వచ్చిన న్యాయవ్యవస్థ ఎటువంటిది? చంద్రగుప్తుని కొలువుకు వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు రాతలు మూలరూపంలో మనకు దక్కలేదు. ఇతరులు ఉదహరించిన భాగాల వలన కొంత తెలుస్తున్నది. కూటసాక్ష్యం చెప్పినవానికి కాలుసేతులు తెగనరికేవారని, ఒకరి అంగాన్ని పోగొట్టినవాడు తన అంగాన్నీ, దానితో పాటు చేతినీ కోల్పోయేవాడని, శిల్పకారుని చేయి లేదా కన్ను పోగొట్టినవానికి మరణదండన విధించేవారని ఆయన రాశాడు.

కౌటిల్యుని అర్థశాస్త్రం మరింత వివరమైన చిత్రాన్నిస్తుంది. ఆ గ్రంథం ఇప్పటి రూపం పొందినది మౌర్యుల తరువాతనే అని పలువురు పండితుల అభిప్రాయం. కనుక అందులోని ప్రతి నియమమూ చంద్రగుప్తుని కాలంలో అమలైనదని చెప్పజాలము. కాని ఈ దేశపు పూర్వకాలపు న్యాయస్థానం ఎట్లా పనిచేసేదో తెలుసుకోవడానికి అంతకు మించిన ఆకరం లేదు. అందులో రెండు విధాల న్యాయస్థానాలు కనిపిస్తాయి. అప్పులు, ఆస్తులు, వివాహం, సరిహద్దులు వంటి తగవులను ముగ్గురు ధర్మస్థులు కూర్చుండి తీర్చే ధర్మస్థీయం ఒకటి. దొంగతనం, హత్య, మోసం, అధికారుల అక్రమాలు విచారించడానికి ప్రదేష్టలు నడిపే కంటకశోధనం రెండవది. సమాజానికి ముల్లువలె గుచ్చుకునేవారిని ఏరివేయడం అని ఆ పేరుకు అర్థం. అనుమానాస్పదంగా మరణించినవాని శవానికి నూనె పూసి గుర్తులు పరీక్షించాలన్న నియమం మొదలుకొని, వాదిప్రతివాదులను గద్దించే న్యాయాధికారికి, అడగవలసిన ప్రశ్న అడగని న్యాయాధికారికి, చెప్పినది చెప్పినట్లు రాయని లేఖకునికి విధించే జరిమానాల వరకు అందులో ఉన్నాయి.

ఇంత సూక్ష్మంగా ఆలోచించిన గ్రంథమే నేరాన్ని ఒప్పించడానికి చిత్రహింసను అనుమతించింది. ఆ హింస నుండి బ్రాహ్మణునికి మినహాయింపునిచ్చింది. ఘోరమైన నేరాలకు కూడా బ్రాహ్మణునికి సాధారణంగా ముద్ర వేసి దేశం నుండి వెళ్ళగొట్టమన్నది. అశోకుని తరువాత రూపొందిన మనుస్మృతిలో ఈ భేదం మరింత కరడుగట్టింది. ఇతరులకు ప్రాణం తీసే శిక్ష పడే చోట బ్రాహ్మణునికి తల గొరిగించడం చాలునన్నది. మాట తూలిన శూద్రునికి నాలుక తెగ్గోయమన్నది. నేరమేమిటని అడగడానికి ముందు నీ పుట్టుక ఏమిటని అడిగే న్యాయమది. అశోకుని పాలన ఈ రెండు గ్రంథాల ఆలోచనాధోరణికి నడుమ నిలబడి ఉన్నదని గుర్తుంచుకుంటే, ఆయన శాసనాలలోని కొన్ని చిన్న మాటల బరువు తెలుస్తుంది.

కళింగం తరువాత

పట్టాభిషేకమైన ఎనిమిదవ ఏట అశోకుడు కళింగాన్ని జయించాడు. లక్ష మంది హతులయ్యారని, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారని, అంతకు ఎన్నో రెట్ల జనం ఇతరంగా నశించారని పదమూడవ శిలాశాసనంలో ఆయనే చెప్పించాడు. గెలిచిన రాజు తన గెలుపును గురించి ఈ విధంగా చెప్పుకొనడం చరిత్రలో అపురూపం. పదవ ఏట సంబోధికి యాత్ర చేశాడు. ఉపాసకుడైన తరువాత ఏడాదికి పైగా తనలో గట్టి ప్రయత్నం లేకపోయిందని, సంఘాన్ని ఆశ్రయించిన తరువాతనే పట్టుదల కలిగిందని చిన్న శిలాశాసనాలలో ఒప్పుకున్నాడు.

ఈ పదమూడవ శాసనాన్ని మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద చెక్కించాడు. కళింగంలోని ధౌలి, జౌగడల వద్ద మాత్రం చెక్కించలేదు. గాయపడిన ప్రజల కళ్ళెదుట ఆ గాయపు లెక్కలను నిలపడం ఆయనకు ఇష్టం లేకపోయి ఉండవచ్చు. దానికి బదులుగా అక్కడ రెండు ప్రత్యేక శాసనాలు వేయించాడు. ఓడిన ప్రజలకు పశ్చాత్తాపాన్ని వినిపించడం కన్న, వారిని విచారించే అధికారులను అదుపులో పెట్టడం ముఖ్యమని ఆయన తలచినట్లు మాకు తోస్తుంది. ఈ ప్రత్యేక శాసనాలే కర్ణాటకలోని సన్నతి వద్ద కూడా ఒక రాతి పలక మీద 1989లో బయటపడ్డాయి. కనుక వీటిని కళింగానికి మాత్రమే పరిమితమైన ఏర్పాటుగా భావించే వీలు లేదు.

నగర న్యాయాధికారులకు ఆజ్ఞ

మొదటి ప్రత్యేక శాసనం ధౌలి వద్ద తోసలి నగర న్యాయాధికారులైన మహామాత్రులను ఉద్దేశించింది. జౌగడ వద్ద సమాపా నగరపు అధికారులను. ప్రజలందరూ తన బిడ్డలన్న ప్రసిద్ధ భావం ఈ శాసనంలోనిదే. ఆ భావాన్ని మనవారు తరచు తలచుకుంటారు. అయితే అది ఏ సందర్భంలో చెప్పబడిందో తలచుకునేవారు తక్కువ. అది కోర్టు నడిపే అధికారులకు చేసిన హెచ్చరికలోని భాగం. వేలాది ప్రాణాల మీద మిమ్మల్ని నియమించినది వారి ప్రేమను చూరగొనడానికేనని రాజు వారికి గుర్తుచేస్తాడు. తన ఉద్దేశాన్ని వారు పూర్తిగా గ్రహించలేదని, ఒకరు గ్రహించినా సగమే గ్రహించారని మందలిస్తాడు. తగిన కారణం లేకుండా ఒక మనిషి చెరసాల పాలు కావడం, హింసకు గురికావడం జరుగుతున్నదని, దాని వలన అతనితో పాటు మరెందరో దుఃఖిస్తున్నారని చెబుతాడు.

ఆ పైన న్యాయాధికారి తప్పుదారి పట్టడానికి గల ఏడు కారణాలను లెక్కపెడతాడు. ఈర్ష్య, తొందరపాటు కోపం, నిష్ఠురత్వం, ఆత్రం, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట. ఈ జాబితాను మేము తరగతిలో చెప్పినప్పుడెల్లా విద్యార్థులు చివరి రెండింటి వద్ద ఆగిపోతారు. లంచం, పక్షపాతం వంటివి ఎవరైనా చెబుతారు. విసుగెత్తిన అధికారి చేతిలో కూడా న్యాయం చచ్చిపోతుందని చెప్పడానికి న్యాయస్థానపు రోజువారీ నడకను దగ్గరగా ఎరిగి ఉండాలి. కాగితం తిప్పే ఓపిక లేక వాయిదా వేసిన రోజు, లోపల ఉన్నవానికి మరొక రోజు చెర. ఈ దోషాలకు విరుగుడుగా ఆయన సూచించినది మధ్యస్థంగా నడుచుకోవడం. శాసనంలోని ఆ మాట తథాగతుని మజ్ఝిమ పటిపదను తలపిస్తుంది. ముద్దాయి మీద ద్వేషం వద్దు, అలసత్వంతో వదిలివేయడమూ వద్దు. రెంటి నడుమ మెలకువతో నిలబడడం న్యాయాధికారి సాధన.

ఆజ్ఞ ఇచ్చి ఊరుకోలేదు. ఈ శాసనాన్ని తిష్య నక్షత్రం, అనగా మన పుష్యమి, వచ్చే దినాలలో చదివి వినిపించాలన్నాడు. మధ్య మధ్యలోనూ వినిపించవచ్చునని, వినేవాడు ఒక్కడే అయినా వినిపించాలని చెప్పాడు. అయిదేండ్లకొకసారి కరకుదనం లేని, మెత్తని నడవడి గల అధికారిని తనిఖీకి పంపుతానన్నాడు. ఉజ్జయినిలోని రాజకుమారుడు మూడేండ్లు మించకుండా అటువంటివారిని పంపాలని, తక్షశిల నుండి కూడా ఆ విధంగానే పంపాలని నియమించాడు. యౌవనంలో తాను పాలించినట్లు చెప్పే ఉజ్జయిని, తాను అధికారుల మీద ఫిర్యాదు విన్నట్లు చెప్పే తక్షశిల, ఈ రెండు పేర్లూ తనిఖీ ఏర్పాటు గల శాసనంలోనే కనిపించడం గమనింపదగినది.

అధికారి చేసిన పాపం ఎవరిది అన్న ప్రశ్న ఆయనను వెంటాడినట్లు మహావంశం కూడా చెబుతుంది. అశోకారామంలో భిక్ఖువులు కలిసి ఉపోసథం జరపనప్పుడు, ఆ తగవు తీర్చి రమ్మని రాజు ఒక అమాత్యుని పంపాడు. అతడు ఆజ్ఞను అపార్థం చేసుకుని, మాట వినని భిక్ఖువుల తలలు వరుసగా నరికివేశాడు. రాజు తమ్ముడైన తిస్స భిక్ఖువు ఆ ఆసనంలో వచ్చి కూర్చున్న తరువాత గాని ఆ కత్తి ఆగలేదు. విషయం విని రాజు వణికిపోయాడు. ఈ పాపం చేసినవానిదా, పంపినవానిదా అని సంఘాన్ని అడిగాడు. చివరకు మొగ్గలిపుత్త తిస్స థేరుడు చేతన లేని చోట కర్మ లేదని బోధించి ఆయనను ఊరడించాడు. ఆ బోధతో రాజు మనసు కుదుటపడి ఉండవచ్చు. కాని శాసనాలలో కనిపించే రాజు మాత్రం తన పేరిట జరిగే ప్రతి అన్యాయానికీ తాను జవాబుదారినన్నట్లే ప్రవర్తించాడు. భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, ప్రజల పనిని గురించి ఏ వేళనైనా తనకు నివేదింపవచ్చునని ఆరవ శిలాశాసనంలో ప్రకటించాడు.

చెరసాలలోనికి ధమ్మ మహామాత్రులు

పదమూడవ ఏట అశోకుడు అంతకు ముందు లేని కొత్త ఉద్యోగులను నియమించాడు. వారే ధమ్మ మహామాత్రులు. వారిని ధర్మప్రచారకులుగా మాత్రమే మన పాఠ్యపుస్తకాలు పరిచయం చేస్తాయి. అయిదవ శిలాశాసనం వారికి మరొక పనిని కూడా అప్పగించింది. చెరలో ఉన్నవారిని చూడాలి. వారికి సహాయం అందించాలి, సంకెలల బాధ తగ్గించాలి, తగినవారిని విడిపించాలి. ఎవరు తగినవారు? బిడ్డల భారం గలవారు, ఇతరుల ప్రేరేపణకు లోబడి తప్పు చేసినవారు, ముసలివారు. శిక్షించే అధికారి నేరాన్ని చూస్తే, ఈ అధికారి నేరస్థుని ఇంటిని చూడాలి. ఒకే మనిషి వద్దకు రాజ్యం తరఫున రెండు వేర్వేరు చూపులు పంపడం ఈ ఏర్పాటులోని గొప్పదనం.

ఖైదీల విడుదల ఆయన కొత్తగా కనిపెట్టినది కాదు. రాజు జన్మనక్షత్రం నాడు, పున్నమి నాడు పిల్లలను, ముసలివారిని, రోగులను, అనాథలను విడిచిపెట్టమని అర్థశాస్త్రం కూడా చెబుతుంది. ఇరవై ఆరేండ్ల పాలనలో ఇరవై అయిదు మార్లు ఖైదీలను విడుదల చేశానని అశోకుడు అయిదవ స్తంభశాసనంలో చెప్పాడు. ఏడాదికొకసారి అన్నమాట. ఆయన చేర్చినది విచారణ. పండుగ దయను ఏడాది పొడుగునా నడిచే ఒక బాధ్యతగా మార్చి, దానికి ఉద్యోగులను కేటాయించాడు.

రజ్జుకులు, సమత, మూడు రోజులు

ఇరవై ఆరవ ఏట చెక్కించిన నాలుగవ స్తంభశాసనం ఆయన న్యాయచింతనకు శిఖరం. లక్షలాది ప్రజల మీద నియమింపబడిన రజ్జుకులు గ్రామసీమలలో భూమి కొలతలు మొదలుకొని న్యాయవిచారణ వరకు చూసేవారు. ఎర్రగుడిలోని చిన్న శిలాశాసనంలో కూడా రజ్జుకుని ప్రస్తావన ఉన్నది. రజ్జుకుడు భేరి మ్రోగించి జనపదంలోని ప్రజలకు రాజాజ్ఞను చాటాలన్నది అక్కడి ఏర్పాటు. అనగా మన రాయలసీమ పల్లెల తగవులు తీర్చిన అధికారి కూడా ఈ రజ్జుకుడే. నేర్పు గల దాదికి బిడ్డను అప్పగించి తండ్రి నిశ్చింతగా ఉన్నట్లు తాను ప్రజలను రజ్జుకులకు అప్పగించానని అశోకుడు చెప్పాడు. వారు భయం లేకుండా, తొణకకుండా తమ పని చేసుకోవడానికి విచారణలోను, దండనలోను వారికి స్వతంత్రాధికారాన్నిచ్చాడు.

స్వతంత్రాధికారంతో పాటు ఒక కట్టుబాటు కూడా పెట్టాడు. వ్యవహారంలో సమత, దండంలో సమత ఉండాలన్నాడు. ఈ రెండు పదాల మీద పండితులలో వాదం ఉన్నది. ఒక్కొక్క అధికారి ఒక్కొక్క తీరుగా తీర్పు చెప్పకుండా రాజ్యమంతటా ఒకే పద్ధతి ఉండాలన్నదే దీని అర్థమని కొందరంటారు. పుట్టుకను బట్టి శిక్ష మారరాదన్నదే అర్థమని మరికొందరంటారు. శాసనంలో వర్ణప్రసక్తి లేదన్నది నిజం. అందుచేత వర్ణభేదాన్ని ఆయన పేరు పెట్టి రద్దు చేశాడని చెప్పడం ఆధారాన్ని మించి పోవడమే. కాని మినహాయింపు ప్రసక్తి కూడా అక్కడ లేదు. బ్రాహ్మణులను, శ్రమణులను ఇతర శాసనాలలో పదే పదే గౌరవంతో పేర్కొన్న రాజు, దండన సంగతి వచ్చేసరికి ఎవరినీ వేరుచేయలేదు. మొదటి అర్థాన్నే గ్రహించినా, అంతటా ఒకే విచారణ, ఒకే దండన అన్నప్పుడు పుట్టుక భేదానికి చోటెక్కడ మిగులుతుంది? ఈ మౌనం మాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది.

అదే శాసనంలో మరొక ఏర్పాటు ఉన్నది. విచారణ ముగిసి మరణశిక్ష పడి చెరలో ఉన్నవారికి మూడు రోజుల గడువు ఇచ్చాడు. ఆ మూడు రోజులలో వారి బంధువులు రజ్జుకులను ఆశ్రయించి, ప్రాణం నిలిపేటట్లు పునరాలోచన చేయింపవచ్చును. అందుకు ఎవరూ లేనివారు పరలోకం కొరకు దానం చేయవచ్చును, ఉపవాసం ఉండవచ్చును. తీర్పుకూ ఉరికొయ్యకూ నడుమ కొంత కాలం ఉండాలన్న ఊహ, తీర్పు చెప్పినవాడు కూడా పొరపడవచ్చునన్న ఒప్పుకోలు ఇందులో ఉన్నాయి. దిక్కులేని ఖైదీని మరువకపోవడం కూడా ఇందులో ఉన్నది.

ఆయన చేయనిది

ఇక్కడ మేము మన ధమ్మబంధువులకు ఒక మాట నిష్కర్షగా చెప్పవలసి ఉన్నది. అశోకుడు మరణశిక్షను రద్దు చేశాడని మన వేదికల మీద తరచు వినబడుతున్నది. తమ్ముడు వీతశోకుడు హతుడైన దుఃఖంతో వధలను మాన్పించాడని అశోకావదానం చెబుతుంది గాని, పాలన చివరి దశలో చెక్కించిన నాలుగవ స్తంభశాసనం దానికి విరుద్ధంగా ఉన్నది. శిక్ష లేకపోతే మూడు రోజుల గడువు అవసరమే లేదు. అదే ఇరవై ఆరవ ఏట వేయించిన అయిదవ స్తంభశాసనంలో చిలుకలు, గోరువంకలు, హంసలు మొదలైన ప్రాణులను చంపరాదని పెద్ద జాబితా ఇచ్చాడు. చిలుకకు లభించిన అభయం మరణశిక్ష పడిన మనిషికి లభించలేదు. అడవులలో నివసించే జనులకు కూడా, క్షమింపదగినది క్షమిస్తానని చెబుతూనే, పశ్చాత్తాపపడినా తనకు దండించే శక్తి ఉన్నదని గుర్తుచేశాడు.

దీనిని దాచవలసిన పని లేదు. ప్రాణాతిపాత విరమణ శీలాన్ని స్వీకరించిన ఉపాసకుడు, రాజ్యాన్ని మోస్తున్న చక్రవర్తి, ఇద్దరూ ఒకే మనిషిలో ఉన్నారు. ఆ ఇద్దరి నడుమ సంఘర్షణ తీరలేదు. తీరని ఆ సంఘర్షణ నుండే మూడు రోజుల గడువు పుట్టిందని మేము భావిస్తున్నాము. దోషరహితుడైన దేవునిగా నిలబెడితే అశోకుడు పూజకు మాత్రమే పనికివస్తాడు. అధికారం చేతిలో ఉండగా తన చేతికే కళ్ళెం వేసుకొనజూచిన మనిషిగా చూస్తే, నేటి న్యాయమూర్తికి, పోలీసు అధికారికి, శాసనసభ్యునికి కూడా ఆయన జీవితం పాఠమవుతుంది.

చివరి దినాలు, తరువాతి యుగాలు

సుమారు ముప్పై ఏడేండ్ల పాలన తరువాత, క్రీ.పూ. 232 ప్రాంతంలో అశోకుడు మరణించాడు. కడపటి దినాలలో అమాత్యులు కోశాగారపు దానాలను నిలిపివేశారని, చేతిలో మిగిలిన సగం ఉసిరికకాయను సంఘానికి సమర్పించాడని అశోకావదానం చెబుతుంది. అధికారుల వలన ప్రజలు పడే బాధను యౌవనంలో విన్న రాజు, ముదిమిలో అదే అధికారుల చేతిలో తానే నిస్సహాయుడైనట్లు కథ ముగుస్తుంది. ఆయన తరువాత అర్ధశతాబ్ది గడిచేసరికి మౌర్య సామ్రాజ్యం అంతరించింది. ధమ్మ మహామాత్రులు లేకుండా పోయారు. దండసమత స్థానంలో వర్ణాన్ని బట్టి మారే దండం స్మృతుల రూపంలో స్థిరపడింది. శాసనాల లిపిని చదివేవారు కూడా లేక, ఆ మాటలు రాళ్ళ మీద శతాబ్దాల తరబడి మౌనంగా ఉండిపోయాయి.

1947 జూలై 22న అశోక ధర్మచక్రం మన జాతీయ పతాకం మీదికి వచ్చింది. 1950 జనవరి 26న సారనాథ్ సింహశీర్షం రాజ్యచిహ్నమైంది. అదే దినాన అమలులోనికి వచ్చిన రాజ్యాంగం 14వ అధికరణంలో చట్టం ముందు అందరూ సమానులని ప్రకటించింది; 20, 21, 22 అధికరణాలలో నిందితునికి రక్షణలిచ్చింది. ఆ రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షత వహించిన బాబాసాహెబ్ అంబేద్కర్ 1956 అక్టోబరు 14న, అశోక విజయదశమి నాడు, నాగపూరులో లక్షలాది జనంతో ధమ్మాన్ని స్వీకరించారు. అశోకుడు రాజాజ్ఞగా కోరిన సమతను బాబాసాహెబ్ పౌరుని హక్కుగా మార్చారు. రాజు దయ రాజుతోనే పోతుంది. హక్కును మాత్రం కోర్టులో నిలదీసి అడగవచ్చును. ఈ తేడా చిన్నది కాదు.

అయినా ఏడు దోషాల జాబితా నేటికీ పాతబడలేదు. ఈ దేశపు జైళ్ళలో ఉన్నవారిలో నలుగురికి ముగ్గురు విచారణ ముగియనివారే. కారణం లేని చెర అని తోసలి అధికారులకు రాజు చెప్పినది ఇటువంటిదే. రెండవ వైపు కూడా చూడాలి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. ఆ గ్రామంలోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు ముద్దాయిలందరినీ విడుదల చేసింది. ఇరవై మూడేండ్ల నిరీక్షణకు చివర ఆ కుటుంబాలకు దక్కినదేమిటో మనకు తెలుసు. నిరపరాధి చెరలో మగ్గడం, హత్యకు జవాబుదారి దొరకకపోవడం, ఈ రెండూ దండసమతకు వ్యతిరేకమైనవే. మరణశిక్ష పడినవాని క్షమాభిక్ష అర్జీ తిరస్కరింపబడిన తరువాత కనీసం పద్నాలుగు రోజుల వ్యవధి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో నిర్దేశించింది. మూడు రోజుల గడువు పద్నాలుగు రోజులైంది. ఉరికొయ్య మాత్రం ఇంకా నిలిచే ఉన్నది.

అశోకుని జయంతి నాడు దీపాలు వెలిగించడం మంచిదే. దానితో పాటు మన సంఘాలు చేయదగిన పని ఒకటి ఉన్నది. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం షెడ్యూల్డు కులాలవారు, తెగలవారు, స్త్రీలు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఈ సంగతి తెలియక బెయిలు అర్జీ పెట్టేవారు లేక లోపల ఉన్నవారు ప్రతి జిల్లా జైలులోనూ ఉంటారు. ప్రతి విహారంలో చట్టం చదివిన ఇద్దరు యువకులు ఉంటే, వారు నెలకొకసారి జైలుకు వెళ్ళి ఎవరికి వకీలు లేడో, ఎవరి ఇంట పసిబిడ్డలున్నారో, ఎవరు ముసలివారో అడిగి తెలుసుకుని ప్రాధికార సంస్థకు తెలియజేస్తే, అయిదవ శిలాశాసనంలో ధమ్మ మహామాత్రులకు అప్పగించిన పనిని మనం తిరిగి చేపట్టినట్లవుతుంది. దానికి రాజాజ్ఞ అక్కరలేదు. మన జిల్లా సంఘాలు ఈ ఏడాదే ఆ పనికి పూనుకోవాలని మేము కోరుతున్నాము.